పద్ధతిగా పడిపోయే ప్రోగ్రాం

గురువారం పొద్దున సీతామహాలక్ష్మి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పదకొండింటికల్లా వంట ముగించడం, పన్నెండున్నరకల్లా అందరికీ వడ్డించడం, ఒంటిగంట నుంచి రెండింటి దాకా పడుకోవడం. పెళ్ళయిన పాతికేళ్ళలో ఈ మూడో అంశం అమలైన రోజులు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. ఆ రోజు మాత్రం అవకాశం గట్టిగా కనిపించింది. ఇంటికి కొత్త కంప్యూటర్ వస్తోంది. అది వస్తే భర్త వీరాంజనేయులు రోజంతా దాని ముందే కూర్చుంటాడు, గంటకోసారి ‘సీతా’ అని పిలవడు అని ఆమె అంచనా. బీయస్సీ చదివిన మనిషి కూడా ఒక్కోసారి ఇలాంటి అంచనాలు వేస్తుంది.

వీరాంజనేయులుకు మార్కాపురంలో పలకల దుకాణం ఉంది. బడిపిల్లలు పలకలు పట్టడం తగ్గిపోయాక ఊళ్ళో ఆయన్ని నిలబెట్టింది దుకాణం కాదు, పరిచయ వేదిక కార్యదర్శి పదవి. ఏడాదికొకసారి మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, దోర్నాల చుట్టుపక్కల వైశ్య కుటుంబాలన్నీ పెళ్ళీడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక కల్యాణ మండపంలో చేరతాయి. పేరు, గోత్రం, నక్షత్రం, చదువు, ఎత్తు, వయసు ఉన్న జాబితా అచ్చువేసి అందరికీ పంచుతారు. ఎవరికి ఎవరు కుదురుతారో, ఎవరు సగోత్రీకులో అందులో చూసుకుంటేనే మాటలు ముందుకు సాగుతాయి. ఆ జాబితా ఇరవై ఏళ్ళుగా వీరాంజనేయులు ముందుగదిలోని కంప్యూటర్లో ఉంది. ఇంకెక్కడా లేదు. 2004లో కంప్యూటర్ వచ్చిన సంతోషంలో పాత నోటుపుస్తకాలన్నిటినీ ఆయనే పాత కాగితాల బండికి వేశాడు. పోయినేడు అచ్చువేసిన జాబితా ఉంది గాని, అందులో ముప్పాతిక మందికి పెళ్ళిళ్ళయి కొందరికి బారసాలలు కూడా అయ్యాయి.

ఈ ఏటి వేదిక ఆదివారం పొద్దున పదింటికి.

జాబితా నడిపే ప్రోగ్రాం రాసింది రంగయ్య సార్. అప్పట్లో మార్కాపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపి, తర్వాత గిద్దలూరు కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. ప్రోగ్రాం అన్ని విధాలా బాగానే ఉండేది గాని, ఒక్క లోపం దాన్ని పుట్టుకతోనే పట్టుకుంది. ‘ముగించు’ అన్న బొత్తం నొక్కితే అది ముగియదు, పడిపోతుంది. లోపం ఎక్కడుందో ఎంత వెతికినా సార్‌కు దొరకలేదు. అందుకని ఆయన దాన్ని పడకుండా ఆపడం మానేసి, పద్ధతిగా పడటం నేర్పారు. పడబోయే ముందు లోపల ఉన్నదంతా ఒక ఫైల్లో దించేసి మరీ పడుతుంది. ఆ ఫైలును ఆయన క్రాష్ డంప్ అనేవారు. మర్నాడు తెరవగానే ఆ ఫైలు చదువుకుని, నిన్నటి పేర్లన్నిటితో లేచి కూర్చుంటుంది. కళ్ళు తిరుగుతున్నాయని తెలిసి, నెత్తి మీది బిందె కింద దించి, ఆ తర్వాత మూర్ఛపోయే మనిషి లాంటిదని సార్ చెప్పిన పోలిక.

ఇరవై ఏళ్ళలో ఆ మనిషి ఏడు వేల సార్లు మూర్ఛపోయింది. ఒక్క చుక్క ఒలకలేదు. సాయంత్రం ఆరింటికి ముందుగదిలో కంప్యూటర్ కీచుమనడం, పూజగదిలోంచి వీరాంజనేయులు తల్లి సుబ్బరత్నమ్మ “పడిందా నాయనా?” అని అడగడం, “పడిందమ్మా” అని కొడుకు చెప్పడం, ఆమె దీపం వెలిగించడం ఆ ఇంటి ఆచారం.

కొత్త కంప్యూటర్‌ను తెచ్చినవాడి పేరు విశ్వాసం. బస్టాండు దగ్గర అతనికి కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే కొట్టుంది. వైర్లు తగిలించి స్విచ్చి వెయ్యబోతుంటే సుబ్బరత్నమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణెతో వచ్చింది.

“ఆగప్పా. బొట్టు పెట్టకుండా స్విచ్చి వేస్తావేంది?”

పాత కంప్యూటర్‌కు ప్రతి దసరాకూ ఆయుధపూజలో తెర ఎడమ పై మూల ఆమె బొట్టు పెట్టేది. పాతది తుడవకుండా దాని మీదే కొత్తది. ఇరవై దసరాలకు అది ఎండిన రేగువడియం అంత మందమైంది.

“అత్తయ్యా, తెర మీద కాకుండా పక్కన చట్రానికి పెడితే…” అంది సీతామహాలక్ష్మి.

“నువ్వు నుదురు వదిలేసి చెవికి పెట్టుకుంటావా? పాతదానికి యాడ పెట్టినామో దీనికీ ఆడనే.”

పసుపు ముద్ద రూపాయి బిళ్ళంత అంటుకుంది. దాని మీద కుంకుమ. పప్పు పొంగుతోందని చెప్పి సీతామహాలక్ష్మి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పప్పు పొంగడం లేదు.

విశ్వాసం పాత ప్రోగ్రామును, దాని డంపు ఫైలుతో సహా కొత్తదానిలోకి ఎక్కించాడు. తెరవగానే ఐదు వందల తొంభై ఎనిమిది పేర్లూ లేచి కూర్చున్నాయి. వీరాంజనేయులు కళ్ళు చెమర్చాయి.

“అన్నా, పాత డబ్బా నేను తీసకపోతా. లోపలుండేది ఏం చెయ్యమంటావు?” అన్నాడు విశ్వాసం.

“ఆడపిల్లల ఫోన్ నంబర్లుండే డిస్కు అది. ఒక్క అక్షరం మిగలకూడదు. తుడువు. తుడిచినాక మళ్ళా తుడువు.”

“సాయంత్రంలోపల తుడిచేస్తాలే అన్నా.”

విశ్వాసం ఒక మాటంటే ఆ మాట మీద నిలబడే మనిషి. ఈ వ్యవహారం మొత్తంలో మాట నిలబెట్టుకున్నవాడు అతనొక్కడే. కొంప మునిగింది కూడా అక్కడే.

ఆ రోజు వీరాంజనేయులు మరో పద్నాలుగు పేర్లు ఎక్కించాడు. మొత్తం ఆరువందల పన్నెండు. అనుకున్నట్టే కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. అనుకోనిది ఏమిటంటే, కూర్చున్నచోటి నుంచే ఇరవైసార్లు పిలిచాడు. “సీతా, అక్షరాలు ఎంత నున్నగా ఉన్నాయో చూద్దువు రా.” “సీతా, ఈ ఎలకకు తోక లేదు చూసినావా?” ఆమె ఒంటిగంటకు వాల్చిన చాపను రెండింటికి అట్లాగే చుట్టి పెట్టేసింది.

సాయంత్రం ఆరింటికి ఆయన ‘ముగించు’ నొక్కాడు. పాతదానిలా కీచుమనలేదు. ‘టంగ్’మని చిన్న చప్పుడు చేసి, ప్రోగ్రాం పని చేయడం లేదని, తానే దాన్ని మూసేశానని, కలిగిన అసౌకర్యానికి మన్నించమని ఇంగ్లీషులో ఒక చీటీ చూపించింది.

“ఎంత మర్యాదో చూసినావా!” అన్నాడు వీరాంజనేయులు.

“పడిందా నాయనా?”

“పడిందమ్మా. సారీ చెప్పి మరీ పడింది.”

శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసుతో కూర్చుని ప్రోగ్రాం తెరిచాడు. ‘మొత్తం పేర్లు: 0’ అని వచ్చింది. మూశాడు. టంగ్. తెరిచాడు. సున్నా. మూశాడు. టంగ్. లిఫ్టు రాలేదని బొత్తం పదేపదే నొక్కే మనిషిలాగా తెరుస్తూ మూస్తూ పోయాడు. వంటింట్లో సీతామహాలక్ష్మి దోసెలు పోస్తూ వింటోంది. కుక్కర్ కూతలు లెక్కపెట్టి లెక్కపెట్టి ఆమె చెవికి ఒక అలవాటు పడింది. ఏ చప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చినా అది తనంతట తానే లెక్కవేసుకుంటుంది.

ఎనిమిదో టంగ్ తర్వాత, తెరిచిన ప్రోగ్రామును అట్లాగే వదిలేసి ఆయన విశ్వాసానికి ఫోన్ చేశాడు.

“పాత డిస్కు తుడిచినావా?”

“నిన్ననే తుడిచినా అన్నా. నువ్వు చెప్పినట్టు రెండుసార్లు,” అన్నాడు విశ్వాసం. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

వీరాంజనేయులు వెంటనే గిద్దలూరుకు ఫోన్ చేశాడు.

“సార్, నమస్కారం. మన ప్రోగ్రాం ఖాళీగా లేచింది సార్.”

“నిన్న పడిందా?” అన్నారు రంగయ్య సార్. డాక్టరు ‘నిన్న అన్నం తిన్నాడా?’ అని అడిగినట్టు.

“పడింది గాని సార్… అదేందో మర్యాదగా పడింది. కొత్త సిస్టం సారీ చెప్పి మూసేసింది.”

“మర్యాదగానా! సచ్చినాము పో,” అన్నారు సార్. “పాత సిస్టంలో నా ప్రోగ్రాం పడతాంటే ఎవురూ పట్టించుకునేది లేదు. దాని మానాన అది బిందె దించి పడేది. ఇప్పుడు లోపల పెత్తనం చేసేది కొత్త కెర్నెల్. అది మనిషి తూలీ తూలకముందే ఎనకనుంచి పట్టుకుంటాది. బిందె లాక్కొనిపోయి తన ఇంట్లో తనకు తోచినట్టు పెట్టుకుంటాది. నా ప్రోగ్రాంకు ఆ ఇల్లు తెలవదు, ఆ పెట్టిన తీరూ తెలవదు.”

“మరి పాత ఫైలు సార్? నిన్న పొద్దున పేర్లన్నీ వచ్చినాయే?”

“చదివినాక పాత ఫైలు చెరిపేస్తాది. అప్పటి డిస్కులు చిన్నవని నేనే అట్ల రాసినా. ఇప్పుడు మనకు దిక్కు ఒకటే. నిన్న సాయంత్రం కొత్త సిస్టం తీసిపెట్టుకునిందే, ఆ డంపు. పేర్లు దాంట్లో ఉంటాయి. కానీ అది చివరి పది డంపులే దాచుకుంటాది. పదకొండోసారి పడితే మొదటిది ఊడిపోతాది. మనకు కావలసింది ఆ మొదటిదే. పొద్దున్నుంచి ఎన్నిసార్లు మూసినావు?”

“లెక్కపెట్టలా సార్.”

“ఎనిమిది,” అంది సీతామహాలక్ష్మి వంటింట్లోంచి.

“నిన్నటిది కలిపితే తొమ్మిది. ఇంకొక్కటే మిగిలింది. నేను బస్సెక్కుతా. నేనొచ్చే దాకా ఎవురూ ‘ముగించు’ నొక్కొద్దు. ఆ పక్కకే పోవద్దు.”

వీరాంజనేయులు అరుగు మీదికి వెళ్ళి, వేదిక అధ్యక్షుడు పుల్లారావుకు ఫోనులో ఇదంతా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఫోనులో ఉన్న ఐదు నిమిషాల్లోనే విశ్వాసం హడావుడిగా బండి దిగి పెరటి గుమ్మం నుంచి లోపలికి వచ్చాడు. అపరాధ భావంతో వచ్చే మనిషి ముందు వాకిలి నుంచి రాడు. సీతామహాలక్ష్మి చేతుల పిండి కడుక్కునేలోగా అతను ముందుగదిలో కూర్చుని, ప్రోగ్రాం పాత పద్ధతిలో నడిచేట్టు సిస్టంలో ఏదో టిక్కు పెట్టాడు.

“వదినా, భయపడాకండి. ఇప్పుడు చూడండి, ముగించు నొక్కినా పడదు…”

టంగ్.

“పది,” అంది సీతామహాలక్ష్మి.

విశ్వాసం దాన్ని గబగబా మళ్ళీ తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఇక ఒక్కటంటే ఒక్కసారి పడితే ఆరువందల పన్నెండు మంది పెళ్ళిళ్ళు గాలికి పోతాయి. ఆమె ఒక పలక తెచ్చి ‘ముట్టుకోవద్దు’ అని రాసి కీబోర్డుకు ఆనించింది. ఆ ఇంట్లో కాగితం దొరకడం కష్టం గాని పలకకు కొదవ లేదు.

ఈలోగా అరుగు మీద ఫోనులో పుల్లారావు “అయితే పేర్లు పోయినట్టేనా బావా?” అని అడిగాడు. “పోలేదు, ఉండాయి, కాకపోతే ఎక్కడుండాయో సార్ వచ్చి చెప్పాల,” అన్నాడు వీరాంజనేయులు. ఈ మాటకు అర్థం పోయాయనే అని పుల్లారావు నిశ్చయించుకున్నాడు. ఆయనకు చాన్నాళ్ళుగా ఒక కోరిక ఉంది. ఆయన మేనల్లుడు ఫోనులో ఏదో యాప్ తయారుచేశాడు. ఆ కుర్రాడికి కార్యదర్శి పదవి ఇప్పిస్తే తన చెల్లెలి దగ్గర మాట దక్కుతుంది.

“సరే బావా, ఆదివారం పదింటికి జాబితా అందరి చేతుల్లో ఉండాల. లేకపోతే ఇరవై ఏళ్ళు చేసినావు, ఇంక విశ్రాంతి తీసుకో. మావోడు చూసుకుంటాడు,” అని పెట్టేశాడు. పెట్టేసి, వేదిక వాట్సాప్ గ్రూపులో ‘సాంకేతిక కారణాల వల్ల పేర్లన్నీ పోయినవి. వెంటనే కార్యదర్శి గారి ఇంటికి వెళ్ళి మళ్ళీ ఇవ్వగలరు’ అని రాసి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

పదిన్నరకు మొదటి కుటుంబం వచ్చింది. పన్నెండింటికి అరుగు నిండింది. ఒంటిగంటకు చాప పరిచారు గాని, దాని మీద పొదిలి నుంచి వచ్చిన నలుగురు కూర్చున్నారు.

అంతకు ముందే, పన్నెండున్నరకు, కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తోంది. కరెంటు పూర్తిగా పోతే ప్రోగ్రాం పడినట్టా కాదా? సార్‌ను అడుగుదామంటే ఆయన బస్సులో ఉన్నారు, ఫోను కలవడం లేదు. ఎందుకైనా మంచిదని వీరాంజనేయులు ఫ్రిజ్ ఆపించాడు. తర్వాత ఫ్యాన్లన్నీ ఆపించాడు. ఇరవై ముగ్గురు చుట్టాలు, చుట్టాలు కాబోయేవాళ్ళు ఊపిరాడక చెమటలు కక్కుతుంటే, ఆ ఇంట్లో హాయిగా ఉన్నది కంప్యూటర్ ఒక్కటే. విశ్వాసం దానికి అట్టముక్కతో విసురుతున్నాడు.

కంప్యూటర్ ముట్టుకోకూడదు కాబట్టి వచ్చినవాళ్ళ వివరాలు సీతామహాలక్ష్మి పలకల మీద బలపంతో రాసుకుంది. పక్కవీధి కనకమ్మ తన కొడుకు వివరాలు చెప్పడం మొదలుపెట్టింది.

“వయసు ఇరవై తొమ్మిది రాసుకో అమ్మాయ్.”

“పోయిన నెల ముప్పై రెండని చెప్పినారు కదా పిన్నీ?”

“అది పాత కంప్యూటర్లో,” అంది కనకమ్మ తడుముకోకుండా.

పక్కన కూర్చున్నవాళ్ళకు ఈ మాట బాగా నచ్చింది. ఆ తర్వాత చెప్పినవాళ్ళందరి పిల్లలకూ రెండేళ్ళు తగ్గాయి, రెండంగుళాలు పెరిగాయి. దోర్నాలలో హోటలు ఉన్నాయన తన కొడుకు ఉద్యోగం రాయిస్తూ ‘మేనేజరు’ అని, ఒక గుక్క మజ్జిగ తాగి, ‘జనరల్’ అని ముందు చేర్పించాడు. సీతామహాలక్ష్మి అన్నీ రాసుకుంది. మజ్జిగ చిలికింది. ఉప్మా చేసింది. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఉప్మా చేసింది. ఇల్లు ఎవరిదో తెలియని ఒకావిడ ఆమెనే పిలిచి, “ఈ ఇంటామె ఉప్పు కాస్త తక్కువేస్తాదేమో?” అని అడిగింది. “అవును, ఆమెకు ఈ మధ్య మనసు బాగాలేదు,” అంది సీతామహాలక్ష్మి.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. జనం వెళ్ళారు. రంగయ్య సార్ మాత్రం రాలేదు. బస్సు కంభం దాటాక టైరు పంచరై నిలబడిందట, మార్చడానికి రెండో టైరు కూడా లేదట. ఆయన్ని తీసుకురావడానికి వీరాంజనేయులు, విశ్వాసం బండి మీద ఎదురెళ్ళారు. ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు.

ఆరయింది. పూజగదిలోంచి సుబ్బరత్నమ్మ గొంతు వినిపించింది. “పడిందా నాయనా?”

జవాబు చెప్పే కొడుకు ఇంట్లో లేడు. ఆమె బయటికి వచ్చింది. “శుక్రవారం పూట దీపం వేళ దాటిపోతాంది. అది పడకుండా దీపం ఎట్ల పెట్టేది?”

“ఈ రోజు దాన్ని ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా. మీరు దీపం పెట్టుకోండి.”

“ఇరవై ఏళ్ళుగా పడినాకనే పెడతాండా. ఈ రోజు తప్పితే ఎట్ల? ఏముందిలే, రోజూ వాడు నొక్కేది చూస్తానే ఉండాను కదా.” అంటూ ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుంది. ‘ముట్టుకోవద్దు’ పలకను పక్కకు జరిపింది. తోక లేని ఎలక మీద చెయ్యి వేసింది. తెర మీద బాణం వణుకుతూ, వంకర్లు తిరుగుతూ ‘ముగించు’ వైపు నడవసాగింది.

చెప్పి ఆపడానికి వ్యవధి లేదు. చెయ్యి పట్టుకుని ఆపితే అదొక ఏడాది పాటు నడిచే వ్యవహారం. సీతామహాలక్ష్మి చంకలోని పలకల దొంతరలో పైది తీసి, నాపరాళ్ళ గచ్చు మీద వదిలింది. భళ్ళుమంది.

“పడింది అత్తయ్యా.”

సుబ్బరత్నమ్మ చెయ్యి ఎలక మీద ఆగింది. “పడిందా?”

“పడింది. వినలేదా?”

“ఈ రోజు గట్టిగా పడినట్టుందే,” అని ఆమె తృప్తిగా లేచి వెళ్ళి దీపం వెలిగించింది. సీతామహాలక్ష్మి పలక ముక్కలు ఏరింది. కనకమ్మ కొడుకు వయసు రెండు చెక్కలైంది. ‘ఇరవై’ ఒక ముక్కలో, ‘తొమ్మిది’ మరో ముక్కలో.

అరగంటకు రంగయ్య సార్ వచ్చారు. తెల్లచొక్కా నిండా దుమ్ము, చేతిలో ఇరవై ఏళ్ళ నాటి లాంగ్ నోటుబుక్కు. కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుని, సిస్టం లోపల ఎక్కడో దాగిన పది డంపుల్ని పట్టుకుని, మొదటిదాన్ని వేరేచోటికి కాపీ చేశారు.

“సార్, మధ్యాన్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపి దీన్నొక్కదాన్నే కాపాడినాము,” అన్నాడు వీరాంజనేయులు.

“ఎందుకయ్యా? కరెంటు పోతే అది పడినట్టు లెక్క కాదు, ఊరికే ఆగిపోతాది. మీరు ఫ్యాన్ కింద కూర్చోనుండొచ్చు.”

సీతామహాలక్ష్మికి ఫ్రిజ్‌లో విరిగిపోయిన రెండు లీటర్ల పాలు గుర్తొచ్చాయి.

శనివారం పొద్దున సార్ అసలు పని మొదలుపెట్టారు. కొత్త కెర్నెల్ ప్రతి డంపు మొదట్లోనూ తన గురించి నాలుగు పేజీల పీఠిక రాసుకుంటుందట. పాత ప్రోగ్రాం ఆ పీఠికను చూసి ఇది నా ఫైలు కాదనుకుని పక్కన పడేస్తోంది. ఆ పీఠిక దాటి చదవమని దానికి చెప్పాలి. మొదటిసారి చెప్పినప్పుడు పేర్లు వచ్చాయి గాని ఒక గడి పక్కకు జరిగి వచ్చాయి. వీరాంజనేయులు గట్టిగా చదివాడు.

“పేరు: బీటెక్. గోత్రం: ఐదడుగుల నాలుగంగుళాలు. నక్షత్రం: హైదరాబాదులో సొంత ఇల్లు.”

“ఆ నక్షత్రం మంచిదే,” అంది సుబ్బరత్నమ్మ.

సార్ నోటుబుక్కు తిరగేసి ఒక అంకె మార్చారు. పదకొండింటికి ఆరువందల పన్నెండు మందీ ఎవరి గోత్రంతో వాళ్ళు, ఎవరి ఎత్తుతో వాళ్ళు లేచి కూర్చున్నారు. తర్వాత ఇంకో గంట కూర్చుని, కొత్త కెర్నెల్ పట్టుకోకముందే బిందె దించి పడేట్టు ప్రోగ్రామును సరిచేశారు.

“ఇప్పుడు నొక్కు,” అన్నారు.

వీరాంజనేయులు బాణాన్ని ‘ముగించు’ మీదికి తెచ్చాడు. విశ్వాసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. సుబ్బరత్నమ్మ రెండు చేతులూ జోడించింది. నొక్కాడు. ప్రోగ్రాం పాతరోజుల్లోలాగే కీచుమని, మర్యాదా మన్ననా లేకుండా, దబ్బున పడిపోయింది. మళ్ళీ తెరిస్తే ఆరువందల పన్నెండు.

“ఎంత బాగా పడింది సార్!” అన్నాడు వీరాంజనేయులు. తన సొంత పెళ్ళిలో కూడా ఆయన అంత సంతోషంగా లేడని చూసినవాళ్ళలో ఒకరికి బాగా గుర్తుంది.

సీతామహాలక్ష్మి కాఫీలు తెచ్చింది. సార్ ఒక గుటక వేసి, చాలాసేపటి నుంచి మనసులో ఉన్నది అడిగారు.

“అంతా బాగానే ఉంది గాని ఆంజనేయులూ, మీరు సేవ్ ఎందుకు చెయ్యరు?”

“సేవా?”

“పడేటప్పుడు దించేదనేది ఆపదకు పెట్టింది. రోజూ చెయ్యాల్సింది సేవ్. సేవ్ చేసినాక అది పడితేనేం, లేస్తేనేం? నేను మొట్టమొదట రాసిన బొత్తమే అది.”

“దీంట్లో సేవ్ బొత్తం లేదు కదా సార్.”

“లేకపోవడమేంది? పైన, ఎడమ మూల.”

అందరూ పైన, ఎడమ మూలకు చూశారు. అక్కడ రూపాయి బిళ్ళంత పసుపు, దాని మీద కుంకుమ ఉన్నాయి.

సార్ ఎలకను కదిలించారు. బాణం వెళ్ళి బొట్టు కింద దూరి కనబడకుండా పోయింది. నొక్కారు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ‘అన్ని పేర్లు భద్రపరచబడినవి’ అని ఉంది అందులో. ఆ వాక్యాన్ని రాసి ఇరవై ఏళ్ళయింది. చదవడం అదే మొదటిసారి.

“మొదటి రోజే చూపించకపోతిరా సార్!” అన్నాడు వీరాంజనేయులు నీరసంగా.

“ఆ రోజు దసరా. నేనొచ్చేలోపలే పెద్దమ్మ బొట్టు పెట్టేసింది. పైమూల సేవ్ ఉంది, నొక్కి ముగించమని నోటితో చెప్పినా. నువ్వు తలకాయ ఊపినావు.”

వీరాంజనేయులు ఇప్పుడు కూడా అలవాటు కొద్దీ తలకాయ ఊపాడు. సీతామహాలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి తడిగుడ్డ తెచ్చింది. సుబ్బరత్నమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“ఏందమ్మాయ్, పెట్టిన బొట్టు తుడుస్తావా? ఆరువందల పెళ్ళిళ్ళు కడుపులో పెట్టుకుని ఉండేదాన్ని బోసి నుదుటితో కూర్చోబెడతావా? నేనుండంగా ఆ మాట లేదు.”

కొడుకు సర్దిచెప్పాడు. విశ్వాసం సర్దిచెప్పాడు. రంగయ్య సార్ కాసేపు విని, కాఫీ గ్లాసు కింద పెట్టి, సేవ్ బొత్తాన్ని ఎడమ మూల నుంచి తీసి కుడి మూలకు మార్చారు. దానికి ఆయనకు మూడు నిమిషాలు పట్టింది.

ఆదివారం పది గంటలకు ఐదు నిమిషాల ముందే జాబితా అందరి చేతుల్లో ఉంది. పుల్లారావు దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తప్పుల కోసం చదివి, దొరకక, వేదిక మీద కార్యదర్శి గారి సేవలను కొనియాడాడు. పలకల మీద తగ్గిన వయసులేవీ జాబితాలోకి ఎక్కలేదు. “కొత్త కంప్యూటర్ పెట్టినా పాత వయసే చూపిస్తాందేందమ్మా ఇది!” అని కనకమ్మ ముఖం మాడ్చుకుంది గాని, మధ్యాహ్నం భోజనాల వేళకు కంభం వాళ్ళు ముప్పై రెండేళ్ళ కుర్రాడే కావాలని ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. సీతామహాలక్ష్మి మండపంలో వెనక వరస కుర్చీలో ఒంటిగంట నుంచి రెండింటి దాకా కూర్చుని నిద్రపోయింది. ఉపన్యాసాలు జరుగుతుండటం వల్ల ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత వీరాంజనేయులు రోజూ సాయంత్రం కుడి మూల బొత్తం నొక్కి సేవ్ చేస్తున్నాడు. తల్లి దీపం కోసం ప్రోగ్రామును పడేయడం కూడా మానలేదు.

నాలుగు నెలలకు దసరా వచ్చింది. ఆయుధపూజ పూట సుబ్బరత్నమ్మ కంప్యూటర్ ముందు నిలబడి, తలను అటు ఒకసారి ఇటు ఒకసారి వంచి చూసి, “ఆ పక్క నిండుగా ఉంది గాని, ఈ కుడి పక్కే బోసిగా కనపడతాందమ్మాయ్,” అంది.

సీతామహాలక్ష్మి కుంకుమ భరిణె అందించింది.